తాడు లేని కక్ష్య

ఆ సెమిస్టర్‌లో నేను ఏరికోరి తీసుకున్న పేపరు కక్ష్యా గతిశాస్త్రం. వద్దే తల్లీ, లెక్కలతో చచ్చిపోతావని సీనియర్లు చెప్పినా వినలేదు. మా కాలేజీ పిల్లలంతా కలిసి ఒక బుల్లి ఉపగ్రహం తయారు చేస్తున్నారు. ఈ పేపరు పాసైనవాళ్లకే ఆ జట్టులో చోటు. ఆ చోటు కోసం విశాఖ హాస్టల్లో నీళ్ల సాంబారు కూడా సంతోషంగా తాగాను.

తీరా మిడ్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ఒకే కక్ష్యలో రెండు నౌకలు తిరుగుతున్నాయి. వెనకున్నది ముందున్నదాన్ని అందుకోవాలంటే ఏం చేయాలి? నాకు వెంటనే మా చోడవరం కళ్లం గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా తాత వరి నూర్చడానికి నడుమ రాట పాతి, ఎద్దుల్ని వరసగా కట్టి గుండ్రంగా తోలేవాడు. రాట దగ్గరి ఎద్దు తాపీగా అడుగులేసేది, అంచున ఉన్నది పరుగులు తీసేది. ఇంకేం, బయటి కక్ష్యలోనే వేగం ఎక్కువ అనుకున్నాను. వెనక నౌక పై కక్ష్యకు ఎక్కాలని బొమ్మ వేసి మరీ రెండు పేజీలు రాసిపారేశాను.

ఆ పేపరు చెప్పే మేడమ్ నా రెండు పేజీలూ ఎర్ర సిరాతో కొట్టేసి సున్నా పెట్టింది. అసలు జవాబు పూర్తిగా తలకిందులు. భూమికి దగ్గరగా ఉన్నదే వేగంగా తిరుగుతుంది, కాబట్టి వెనక నౌక బ్రేకు వేసి కింది కక్ష్యకు దిగాలి. బ్రేకు వేస్తే ముందుకెళ్లడమేమిటని వాదనకు దిగాను. నా నోరు ఊరుకోదు కదా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, సోమవారం ఈ పాఠం నువ్వే క్లాసుకు చెప్పు, అందరికీ అర్థమైతే పాస్ చేస్తాను, లేదా జట్టు సంగతి మరిచిపో అంది.

శనివారం ఇంటికొచ్చి తాత మీద పడ్డాను. దూడ పాత పలుపు తెంపుకుందట, అరుగు మీద కూర్చుని కొత్త తాడు పేనుతున్నాడు. నీ ఎద్దులే నా కొంప ముంచాయని దెబ్బలాడి, నేల మీద సుద్దతో భూమినీ కక్ష్యల్నీ గీసి చూపించాను. తాత బడి మొహం చూడని మనిషి. పేనడం ఆపకుండానే అంతా విన్నాడు.

"ఆటిని ఒకే తాడుకి కట్టేసేను కాబట్టి నోపలెద్దు బయటెద్దు కోసం ఆగింది. మరి నీ నౌకల్ని ఎవులు కట్టేరే, గుంటా?" అన్నాడు.

నేల మీద గీసిన బొమ్మను మళ్లీ చూశాను. నిజమే, ఎవరు కట్టారు? దేని పరుగు దానిదే. దగ్గరున్నదాన్ని భూమి గట్టిగా లాగుతుంది, పడిపోకుండా ఉండాలంటే అది జోరుగా పరిగెత్తాల్సిందే. బ్రేకు వేసిన నౌక భూమి వైపు జారి, ఆ జోరే అందుకుంటుంది. ఇంటర్లో మార్కులొచ్చిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు. తాత బుగ్గ మీద ముద్దు పెట్టి, అప్పుడే పూర్తయిన పలుపు లాక్కుని సంచిలో కుక్కుకున్నాను.

సోమవారం క్లాసులో బెంచీలు పక్కకు జరిపించి, నలుగురికి ఆ తాడు పట్టించి, కుర్చీ చుట్టూ తిప్పాను. అంచున ఉన్నవాడు రొప్పుతూ పరిగెత్తాడు. ఇది మా కళ్లం అన్నాను. తర్వాత తాడు తీసేసి, నేల మీద రెండు గుండ్రాలు గీసి, లోపల నడిచేవాళ్లు త్వరగా నడవాలి, ఇది ఆకాశం అన్నాను. ఇద్దరు బయటి గుండ్రంలో నడుస్తున్నారు. నేను చెయ్యి ఊపగానే వెనకున్న అమ్మాయి లోపలి గుండ్రంలోకి దిగి, చకచకా తిరిగి, మళ్లీ బయటికొచ్చి ముందున్నవాడి భుజం తట్టింది. క్లాసంతా ఈలలే ఈలలు. మేడమ్ అయితే ఇంకోసారి తిప్పమంది. జట్టు జాబితాలో నా పేరు అక్కడికక్కడే రాసింది. తాడు మాత్రం తిరిగివ్వలేదు, వచ్చే ఏడు పిల్లలకు కావాలట.

సాయంత్రం తాతకు ఫోన్ చేసి జట్టులో చోటు దొరికిందని చెప్పాను. పలుపు సంగతీ చెప్పాను. వెనకాల నాన్నమ్మ, దూడ బీరపాదు మేసేస్తోందని కేకలు పెడుతోంది.

"ఉంచుకోమను మీ మేడమ్‌ని. శనివారం నించి ఈ దూడ తాడు లేకుండా ఊరంతా తిరుగుతంది," అన్నాడు తాత. "దీన్ని అందుకోడానికి నేను కూడా బ్రేకే ఎయ్యాలేటే?"