చివరి రీలు రేపు

సూబయ్య సాయంత్రం ఆటకు ఏ సినిమానూ ముగింపు దాకా చూపించేవాడు కాదు. సరిగ్గా దొంగ దొరికే వేళకో, తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరే వేళకో లైట్లు వేసేసి, "ప్రొజెక్టర్ హాట్ అయిపోయింది. చివరి రీలు రేపు. టీ ఉంటాది, రాండి," అనేవాడు.

దక్షిణాఫ్రికాలోని టోంగాట్ ఊళ్లో చిత్రోత్సవం పెరిగింది అలాగే. ఊరివాళ్లు అరువు కెమెరాలతో తీసిన సినిమాలు చూపిద్దామని, చక్కెర మిల్లులో ఫిట్టరుగా రిటైరైన సూబయ్య తొంభై మూడులో సంఘం హాలు ఒక్క సాయంత్రానికే అడిగాడు. చివరి రీలు కోసం జనం మర్నాడు వచ్చారు. వచ్చినవాళ్లకు ఇంకో సినిమా వేయాలి కదా. దాని చివరి రీలు మూడోనాటికి. మూడేళ్లలో ఉత్సవం వారం రోజులైంది.

అక్కడ అందరికీ మొదటిసారి ఓటు వచ్చిన తొంభై నాలుగులో డాలీ ఉత్సవానికి వచ్చింది. భర్త రాజెన్ పోయి ఐదు నెలలు. ఇంట్లో ఆమె మాట్లాడేది పిల్లితోనే. అదీ చెరుకు తోటల్లో తిరిగి రెండు రోజులకోసారి వచ్చేది. సినిమా ఆగగానే డాలీకి ఒళ్లు మండింది.

"ఏటి మామా, ఇంత దూరం నడిచొచ్చింది సగం చూడ్డానికా?"

"పుట్టినకాడి నుంచి ఓటు కోసం ఆగినావు. ఒక్క రీలుకి ఆగలేవా?"

తిట్టడానికే మర్నాడు వచ్చింది. టీ కాచే మేవిస్ పక్కన చేరి, సినిమాలో తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరుతుందా లేదా అని గంటసేపు వాదించింది. రాజెన్ పోయాక అంతసేపు నోరు విప్పడం అదే మొదలు. పిల్ల ఏమైందో తరువాత ఇద్దరికీ గుర్తులేదు.

తొంభై ఆరు చలికాలంలో సూబయ్య పోయాడు. హాలు సర్దుతూ డాలీ అంది: "పాపం, మామ ఆ ప్రొజెక్టర్ బాగుచేసుకోలేకుండానే పోయినాడు."

"మిల్లు మిషన్లు బాగుచేసినోడికి అదొక లెక్కా?" అంది మేవిస్. "బడి పిల్లలకి పగలు దాని మీదే ఫుల్ సినిమా చూపించేవాడు కదా. సాయంత్రం అయితే తలుపుకాడ నిలబడి, ఒక్కరే వచ్చినోళ్లని చూసేవాడు. 'రేపు ఒక కప్పు ఎక్కువ పెట్టు మేవిస్' అనేవాడు."

"ఆయనింట్లో మాత్రం ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. మొదటి కప్పు ఆయనదే."

ఆ ఏడు ఉత్సవం డాలీ చేతిలో పడింది. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు శశికాంత్ చివరి వరుసలో ఒక్కడే కూర్చున్నాడు. డాలీ రెండుసార్లు అటు చూసి, కథ చిక్కులో ఉండగా లైట్లు వేసేసింది.

"మిషన్ హాట్ అయిపోయింది. మిగిలింది రేపు."

శశికాంత్ లేచాడు. "అది వీడియో క్యాసెట్ కదండీ. వేడెక్కడమేమిటి?"

"రేపొచ్చి అడుగు బాబూ," అంది డాలీ, మేవిస్ వైపు తిరిగి, ఒక కప్పు అన్నట్టు వేలు చూపిస్తూ. "టీ ఉంటాది."