అంజినమ్మ చెవి

ధర్మవరం అంజినమ్మ చేతికి బెత్తం ఎందుకు ఎక్కలేదో తెలియాలంటే ఆమె చిన్నతనంలోకి పోవాలి. మగ్గం దగ్గర ఆడుకుంటూ ఒకనాడు పట్టునూలు లడిని చిక్కు చిక్కు చేసింది. నాయన కొడతాడని భయపడి దాన్ని తీసుకుపోయి పొయ్యిలో పడేసింది. కూర్చుని తీస్తే పోయే చిక్కు కాస్తా బూడిదైంది. ఆరోజు వీపు చిట్లేలా తిన్న దెబ్బలు ఆమెకు నేర్పింది ఒకే ఒక్క సంగతి. ఈసారి ఇంకా గట్టిగా దాచాలని!

పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయాడు. హిందూపురంలో మూడు నెలలు శిక్షణ పొంది, 1959లో పెనుకొండ దగ్గరి పల్లెకు బాలవాడి టీచరుగా వచ్చింది. చిన్నపిల్లల బడి గదా, బాలవాడి అంటే మేడలేం కాదు. పెద్దరైతు నారాయణప్ప ఇచ్చిన కొట్టం వసారా, ఇరవైమంది పిల్లలు, చింతపిక్కలు, మట్టి ఎద్దులు, అట్ట ఊడిన బొమ్మల పుస్తకం ఒకటి. చదివేది ఆమె, పేజీ తిప్పేది పిల్లలు. తన వంతు ఎప్పుడొస్తుందా అని ఒక్కొక్కరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు.

ఆమె పెట్టిన నియమం ఒకటుంది. తప్పు చేసినవాళ్ళు వచ్చి ఆమె చెవిలో చెప్పాలి. చెప్పాక ఇద్దరూ కలిసి దాన్ని సరిచేయాలి. నీళ్ళు ఒలికితే తుడవడం, పేజీ చిరిగితే గంజి పూసి అతికించడం. తిట్టు లేదు, దెబ్బ లేదు.

ఇది చూసి నారాయణప్ప ఊరంతా చెప్పి నవ్వాడు.

“ఏమమ్మా, మొక్కై వంగనిది మానై వంగుతాదా? ఈ గుసగుసలతో పిల్లోళ్ళు చెడిపోతారు. బెత్తం కావాలంటే చెప్పు, నేనే కోసిస్తా.”

“వద్దులే మామా. బెత్తమొస్తే నా చెవికి పనుండదు” అనేది అంజినమ్మ. పైకి నవ్వేది గానీ, ఆయనకు కోపమొస్తే వసారా పోతుందని లోపల బెరుకు ఉండనే ఉండేది.

ఒక ఎండాకాలం పొద్దున, బొరియలో దాక్కున్న కుందేలు కథ చదివింది. చదవగానే పిల్లలంతా కుందేళ్ళయిపోయారు. దాగుడుమూతలు మొదలు! ఆట ముగిశాక తలలు లెక్కబెడితే పంతొమ్మిదే ఉన్నాయి. మళ్ళీ లెక్కబెట్టింది. పంతొమ్మిదే. లేనిది ఎవరనుకున్నారు? నారాయణప్ప మనవడు, నాలుగేళ్ళ చెన్నకేశవులు.

అంజినమ్మ పిలిచింది, వెతికింది, గొంతు పోయేలా అరిచింది. చేతికర్రతో నారాయణప్ప ఉరికొచ్చాడు.

“కథలు చెప్తా కూసుంటివి! బిడ్డ యాడ?” అని ఆమె మీద పడి, పిల్లల వైపు తిరిగి కర్ర ఎత్తాడు. “ఎవురు చూసినార్రా? చెప్పకుంటే ఒళ్ళు చీరేస్తా!”

ఒకడు వణుకుతూ బావి అన్నాడు. ఇంకొకడు బస్సురోడ్డు అన్నాడు. కర్రకు ఏదో ఒకటి చెప్పాలి గదా, పాపం! మనుషులు బావికొకరు, రోడ్డుకొకరు పరుగెత్తారు.

గొర్రెలు కాచే సిద్దమ్మ కూతురు నాగక్క మాత్రం గౌను అంచు నోట్లో కుక్కుకుని, రెప్ప వేయకుండా ఆ కర్రనే చూస్తోంది. అంజినమ్మ అది గమనించింది.

“మామా, నీకు దండం పెడతా. ఆ కర్ర కింద పెట్టు.”

ఆయన పళ్ళు కొరికాడు గానీ పెట్టాడు. అంజినమ్మ దుమ్ములోనే చతికిలబడి, జుట్టు వెనక్కి తోసి చెవి చూపించింది. రోజూ కూర్చున్నట్టే కూర్చుంది. నాగక్క ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, చెవికి నోరు ఆనించింది.

“కుందేలు బొరియలో ఉండాడు. ఎవురికీ కనపడకుండా నేనే సాప కప్పినా.”

ఆ మాట అంజినమ్మ పైకి చెప్పగానే నారాయణప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. “పాతర!” అంటూ పెరట్లోకి పరుగెత్తాడు.

జొన్నలు దాచడానికి నేలలో తవ్విన గొయ్యి అది. మూతి ఇరుకు, పొట్ట పెద్దది. ఏడాదిగా మూసి ఉంచిన పాతరలో చెడుగాలి పేరుకుని ఉంటుంది. అందుకే మూత తీశాక ఒకట్రెండు రోజులు గాలి ఆడనిచ్చి, లాంతరు దించి చూస్తారు. దీపం ఆరిందా, మనిషి దిగడు.

చాప లాగి లాంతరు దించారు. మంట చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. కానీ ఆరలేదు. జీతగాడు ఉలిగప్ప నడుముకు తాడు కట్టుకుని దిగి, జొన్నల మీద పడున్న బిడ్డను భుజాన వేసుకుని పైకొచ్చాడు. ఒళ్ళంతా చెమట, మెడ వాలిపోయి ఉంది. ముఖాన నీళ్ళు చల్లారు. విసనకర్రతో విసిరారు.

అప్పుడు వాడు గట్టిగా తుమ్మాడు!

కళ్ళు తెరిచి, “నేను దొరకలే గదా?” అన్నాడు.

అమ్మయ్య! ఊరందరి ప్రాణం లేచొచ్చింది. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, నవ్వేవాళ్ళు నవ్వారు. అంజినమ్మ రెండూ చేసింది. అంతలో ఎవరో “మూసింది ఈ పిల్లే” అని నాగక్క రెక్క పట్టుకున్నారు. అంజినమ్మ విడిపించి, చేతికి నీళ్ళచెంబు ఇచ్చింది. “తప్పు చెప్పేసింది. ఇంక సరిచేస్తాది.” నాగక్క కేశవులుకు గుక్క గుక్కగా నీళ్ళు తాపింది.

మరునాడు పొద్దున్నే నారాయణప్ప వసారాకు వచ్చాడు. వసారా ఖాళీ చేయమనడానికే వచ్చాడనుకుంది అంజినమ్మ. ఆయన ఇరవైమంది పిల్లల మధ్య గొంతుక్కూర్చున్నాడు.

“ఏమమ్మా, నీ చెవి ఇట్లియ్యి.”

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆయన చెవిలో అన్నాడు. “గాలాడాలని మూతబండ తీసి, మీద ఉత్త సాప కప్పి పోయింది నేనే. నిన్న పిల్లోళ్ళ మీద ఎగిరినా గానీ ఇది ఎవురికీ చెప్పలే.”

అంజినమ్మ కళ్ళు చెమర్చాయి. “సరే మామా. రా, సరిచేద్దాం.”

పాతర చుట్టూ కంచె వేశారు. పిల్లలు తలా ఒక పుల్ల మోసుకొచ్చారు. చివరికి ఒక గుంజ తక్కువైంది. నారాయణప్ప అటూ ఇటూ చూసి, తన చేతికర్రనే తెచ్చి పాతాడు. మట్టి తొక్కింది నాగక్క.