జేబులు కుట్టేసిన చొక్కా

మా ఆయన హోటల్లో సర్వరు. నాలుగు పళ్ళేలు ఒక్క చేతి మీద పేర్చుకుని చుక్క ఒలకకుండా నడిచేవారు. ఇంట్లో మాత్రం మంచినీళ్ళు కూడా నేనే అందించాలి. "పొద్దంతా ఊరందరికీ వడ్డించొచ్చానే, నాకు నువ్వైనా వడ్డించవా?" అని నవ్వేవారు.

జీతం తక్కువ. పెంచమంటే "టిప్పులొస్తాయిగా" అనేవాడు యజమాని. ఆ టిప్పులేమో గల్లాపెట్టె పక్కన తాళం వేసిన డబ్బాలో వెయ్యాలి. గ్లాసు పగిలినా, ఎవడైనా బిల్లు ఎగ్గొట్టి పోయినా అందులోంచే కోత. ఎవరూ దాచుకోకుండా చొక్కాల జేబులు మూసి కుట్టించమన్నాడు. మా ఆయన చొక్కాకి నేనే కుట్టాను, రెండు వరసలు.

ఒకనాడు ఆయన వచ్చి, "నన్ను వంటింట్లోకి మార్చారే. జనంతో గొడవ తప్పింది" అన్నారు. పెద్ద పనే అనుకుని తోడికోడలి దగ్గర గొప్పలు కూడా పోయాను. నీళ్ళలో నాని వేళ్ళు పాలిపోతే నూనె రాశాను. ఏడాది తిరక్కుండానే దగ్గు పట్టుకుని పోయారు.

పరామర్శకు వచ్చిన హోటలు వంటమాస్టారు మా అమ్మాయి ముందే అసలు సంగతి చెప్పాడు.

"బావ చెయ్యి కాలిందని, మొగుడితో భోజనానికొచ్చిన ఒక డాక్టరమ్మ జాలిపడి, మందుకని నోటిచ్చింది చెల్లెమ్మా. బావకి రెండు చేతుల్లోనూ పళ్ళేలు. చొక్కా మడతలో ఆవిడే దోపింది. యజమాని చూశాడు. 'ఏమయ్యా, ఎక్కడ కొట్టేశావ్?' అన్నాడు. ఆవిడిచ్చారయ్యా అన్నాడు బావ. ఆవిణ్ణి అడిగితే పక్కనున్న మొగుడు, 'టిప్పు పళ్ళెంలో పెట్టాంగా, మళ్ళీ చేతికెందుకిస్తాం?' అన్నాడు. ఆవిడ మొగుడి మొహం చూసి, 'నాకు గుర్తు లేదండీ' అంది. అంతే. ఆ రోజు నుంచీ బావకి గిన్నెలు తోమే పని. జీతం మాత్రం టిప్పులొచ్చే సర్వరు జీతమే."

"నువ్వు చూశావా అన్నయ్యా?"

"వంటింటి కిటికీలోంచి. కళ్ళారా."

అంతలో యజమానే వచ్చాడు. మాస్టారు గభాల్న లేచి కుర్చీ ఇచ్చాడు. యజమాని ఫొటోకి దండం పెట్టి, చుట్టాలందరూ వింటుండగా, "బంగారం లాంటి మనిషమ్మా. ఆ కాస్త చేతివాటమే లేకపోతేనా!" అని నిట్టూర్చాడు.

నేను మాస్టారి వైపు చూశాను. మా అమ్మాయీ చూసింది. మా ఆయన పేరు నిలబెట్టే మాట ఒక్క అతని నోట్లోనే ఉంది.

"ఏం మాస్టారూ?" అన్నాడు యజమాని.

"అవునండయ్యా," అన్నాడు మాస్టారు.

యజమాని లేచి వెళ్ళాడు. చెప్పులు వేసుకుంటున్న మాస్టారికి మా అమ్మాయి అడ్డం నిలబడింది. "మామయ్యా, ఇందాక మాకు చెప్పింది అబద్ధమా?"

"నిజమే తల్లీ. కానీ పొద్దున్నే నేను అక్కడే పొయ్యి వెలిగించాలి," అంటూ దాన్ని తప్పించుకుని, యజమాని కారు తలుపు తియ్యడానికి పరుగెత్తాడు.

లోపల చుట్టాలు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు.