గొళ్లెం పెట్టే బడి

మా అవ్వ నన్ను చర్చి బడిలో వేసింది చదువు కోసం కాదు, గేటు కోసం. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు. బాపు దుబాయిలో ఉండేవాడు. అవ్వ పత్తి ఏరడానికి పోతే నేను సర్కారు బడి నుంచి ఆమె వెనకే చేనుకు ఉరికేవాణ్ని. చర్చి బడికి ఎత్తైన గోడ ఉంది, గేటుకు బయట గొళ్లెం ఉంది.

లోపల ఒకటే హాలు. ఆదివారం ప్రార్థన అందులోనే, మిగతా రోజుల్లో ఐదు తరగతులూ అందులోనే. పాస్టరు గారి భార్యే టీచరు. ఆమె ఏ తరగతికి చెప్పినా అందరికీ వినపడేది. నేను రెండో తరగతి. చెవులు మూసుకున్నా ఐదో తరగతి పాఠం నన్ను వదిలేది కాదు. సాయంత్రం దాకా కట్టేసిన లేగదూడలా గింజుకునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఎవరో వచ్చి గొళ్లెం పెట్టకుండా పోయారు. మెల్లగా గేటు దాకా వెళ్లి తెరిచాను. లోపల టీచరు ఐదో తరగతికి, తిన్న అన్నం ఎటు పోతుందో చెబుతోంది. ముద్ద గొంతు దిగి కడుపులోకి చేరింది. ఆ తర్వాత ఏమవుతుంది? వెనక్కి వచ్చి కూర్చున్నాను.

సాయంత్రం బార్లా తెరిచిన గేటు చూసి అవ్వ ఉరుక్కుంటూ వచ్చింది.

"గేటు తీసే ఉన్నది గదా, ఎందుకు ఉర్కిరాలే?"

"పెద్దోళ్ల పాఠం అయిపోలే అవ్వా."

ఇప్పుడు కరీంనగర్‌లో నా బిడ్డ బడిలో తరగతికో గది, గదికో తలుపు. పక్క గదిలో ఏం చెబుతున్నారని అడిగాను.

"మాకేం వినపడది డాడీ" అంది.

ఆ తలుపులు చూసే నేను తనను అక్కడ వేశాను.