తుమ్మదిబ్బ మీద శనివారం బడి

వినాయక చవితి ముందు రోజు తాడేపల్లిగూడెం మార్కెట్లో కలువపూలు కొన్నాను. అమ్మే ముసలమ్మ కాడల్ని తుంగపోచతో గట్టిగా బిగించి కట్టి, నీళ్లు కారుతున్న కట్టని పేపర్లో చుట్టి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి టేబుల్ మీద పెట్టగానే గదంతా ఒక వాసన పరుచుకుంది. పూల వాసన కాదు, కలువపూలకి పెద్ద వాసనేం ఉంటుంది గనక. కాడల్లోంచి కారిన నీళ్ల వాసన అది. నల్లమట్టి, నాచు, మురిగిన ఆకు, పచ్చి చేప అన్నీ కలిసిన వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుని వెళ్లి కిటికీ తీసింది. నేను మాత్రం కుర్చీ లాక్కుని ఆ కట్ట ముందు కూచున్నాను. నలభై ఏళ్ల కిందట నేను చదువుకున్న బడి అచ్చం ఇలాగే వాసనేసేది.

మాది కొల్లేరు సరస్సులో, కొల్లేటికోటకి ఆవల ఒక చిన్న లంక. చుట్టూ నీళ్లే కాబట్టి మాకు నడక కంటే ముందు దోనె వచ్చేది. తాటిమొద్దు తొలిచి, రెండేసి జతగా కట్టిన ఆ దోనెల్లోనే మేం పుట్టి పెరిగామన్నా తప్పులేదు. వానాకాలం బుడమేరు తెచ్చిన ఎర్రనీళ్లు గడప దాకా వచ్చి నిలబడేవి, కార్తీకం వచ్చేసరికి అవే నీళ్లు తేటపడి అడుగున తిరిగే చేపపిల్లలు లెక్కపెట్టుకునేటట్టు కనబడేవి, ఎండాకాలం అక్కడే నేల నెర్రెలు విచ్చి మా కాలివేళ్లు వాటిలో ఇరుక్కునేవి. అమ్మ చింతకాయలేసి వండిన చిన్నచేపల పులుసు మర్నాడు పొద్దున చద్దన్నంలోకి గడ్డకట్టి ఉండేది. కలువదుంపలు ఉడకబెట్టి ఉప్పు చల్లి పెడితే మేం దోనె అంచున కాళ్లు నీళ్లలో ఆడిస్తూ తినేవాళ్లం. ఇక బడంటారా, రేకుల షెడ్డు. వానొస్తే మాస్టారి పెదాలు కదలడం కనబడేది తప్ప మాట వినబడేది కాదు.

ఆ మాస్టారు భీమడోలు నుంచి వచ్చారు. రత్నం మాస్టారు. సన్నగా, పొడుగ్గా, ఆదివారం ప్రార్థనకి వేసుకునే తెల్లచొక్కానే మిగతా ఆరు రోజులూ వేసుకునేవారు. ఈత రాదు, దోనె కదిలితే రెండు చేతులా అంచు పట్టుకునేవారు. అలాంటి మనిషి ప్రతి శనివారం మమ్మల్ని తుమ్మదిబ్బ మీదికి తీసుకెళ్లి పాఠం చెబుతానన్నారు. తుమ్మదిబ్బంటే మా లంకకి గంట దూరంలో నీళ్ల మధ్య తనంతట తాను తేలిన మట్టిదిబ్బ. ఇళ్లు లేవు, పొలం లేదు. నాలుగు తుమ్మచెట్లు, వాటి నిండా కొంగలు, చుట్టూ మనిషెత్తు కిక్కిస గడ్డి.

మా నాన్నకి నవ్వొచ్చింది. "ఏవండీ మాస్టారూ, సేపపిల్లకి ఈత నేర్పుతానంటారేటండీ? కొల్లేట్లో పుట్టినోళ్లకి కొల్లేరు సూపిత్తారా?"

"నేను చూపించనండీ. వాళ్లు చూపిస్తే నేను నేర్చుకుంటానండీ," అన్నారాయన.

మా నాన్న ఆ శనివారానికే దోనెలిచ్చాడు.

దిబ్బ మీద ఆయన పెట్టిన నియమం ఒక్కటే. అడుగు పెట్టగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని పట్టుకోవాలి. చూడొచ్చు, వినొచ్చు, వాసన చూడొచ్చు, ముట్టుకోకూడదు. మాకది పెద్ద శిక్ష. గూడు కనబడితే గుడ్లు తీసి ఒళ్లో వేసుకోవడం, పిట్ట కనబడితే ఉచ్చు పన్నడం తప్ప వేరే ఎరగని పిల్లలం. కానీ చేతులు వెనక్కి పోయాక ఏమైందో ఏమో, కళ్లు పెద్దవయ్యాయి. రోజూ చూసే కొంగ నోట్లో నత్తగుల్లని పగలగొట్టకుండా ఎలా తెరుస్తుందో ఆ దిబ్బ మీదే చూశాను. నీటి అంచున మాస్టారు గాట్లు పెట్టిన వెదురుగడ ఒకటి పాతించారు. వారం వారం నీళ్లు ఏ గాటు దాకా వచ్చాయో చూసి రాసుకోవడమే మా లెక్కల పాఠం.

ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కాపలా పెట్టారు. ఒకడికి కొంగల చెట్టు, ఒకడికి చీమల పుట్ట. నాకు గూడు వచ్చింది. వెదురుగడకి నాలుగు మూరల దూరంలో, నీళ్ల మీద తేలుతున్న నాచూ తుంగా కలిసిన చాపలాంటి దాని మీద నాలుగు గుడ్లు. చింతపండుతో తోమకముందు ఇత్తడి చెంబు ఉండే రంగు. పొడుగు తోక, సాలెపురుగు కాళ్లలాంటి వేళ్లు ఉన్న పిట్ట వాటిని పొదుగుతోంది. తల్లి గుడ్లు పెట్టి తన దారిన పోతుందని, పొదిగేది, పెంచేది తండ్రేనని మాస్టారు చెబితే మేం నమ్మలేదు. ఇంటికెళ్లి చెబితే అమ్మ పొయ్యి ఊదడం ఆపేసి, "ఆ మాట మీ నాన్నకి సెప్పవే," అంది. మూడు శనివారాలు ఆ పిట్టనే చూశాను. పిల్లలయ్యే రోజు దగ్గరపడిందని, వచ్చేవారం అందరికీ నేనే చూపించాలని మాస్టారు అన్నప్పుడు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ గురువారమే బుడమేరుకి నీరొస్తోందని కబురొచ్చింది. సాయంత్రం నాన్న చేపలకి పన్నిన వెదురుబుట్టల మావులు తీసుకురావడానికి బయల్దేరితే నేనూ ఎక్కాను. ఆయన దిబ్బ అవతల పనిలో ఉండగా నేను దోనెలో ఉన్న తాడు తీసుకుని నడుంలోతు నీళ్లలో దిగి, గూడున్న నాచుచాపకి ఒక కొసా, వెదురుగడ మొదలుకి ఒక కొసా కట్టేశాను. కొట్టుకుపోయేదాన్ని కట్టెయ్యడం మా చేతులకి పుట్టుకతో వచ్చిన పని. భయంలో బిగించి, పొట్టిగా కట్టాను. వరదొచ్చేటప్పుడు దోనెకి తాడు వదులుగా ఉంచాలని నాన్న వెయ్యిసార్లు చెప్పిన మాట అప్పుడు గుర్తు రాలేదు. కట్టి, గొప్ప పని చేశాననుకుని ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

శనివారానికి వాన తెరిపిచ్చింది. వెదురుగడ మీద మూడు గాట్లు మునిగిపోయాయి. చుట్టూ ఉన్న నాచంతా నీళ్లతోపాటు హాయిగా పైకి లేచి తేలుతోంది. ఒక్క నా చాప మాత్రం తాడుకి వేలాడి, సగం మునిగి, పక్కకి ఒరిగి ఉంది.

కొల్లేట్లో ఒక్కో ఇంటి ముడి ఒక్కో తీరు. తాడు చూస్తే దోనె ఎవరిదో చెప్పెయ్యొచ్చు. "ఇది దుర్గ వాళ్ల ముడండీ," అంది నా పక్కనున్న పిల్ల, నా వైపు తల తిప్పి. అబద్ధమాడే దారి కూడా లేదు.

మాస్టారు నాకేసి చూడలేదు. "ష్, అటు చూడండి," అన్నారు.

మునిగిన చాప అంచున ఆ పిట్ట నిలబడి ఉంది. వంగి, ఒక గుడ్డుని గడ్డానికీ రొమ్ముకీ మధ్య అదిమి పట్టుకుంది. వెనక్కి, వెనక్కి, ఆకు మీంచి ఆకు మీదికి నడుస్తూ ఆ గుడ్డుని లాక్కుపోతోంది. ఆకు కుంగినప్పుడల్లా ఆగుతోంది, మళ్లీ అదుముకుంటోంది. అవతల కొత్తగా పేర్చిన నాచు మీద అప్పటికే రెండు గుడ్లున్నాయి. చేతుల్లేని ప్రాణి, బారెడు తోక నీళ్లలో ఈడ్చుకుంటూ, మూడోదాన్ని కూడా వాటి పక్కన చేర్చింది. రెండు జతల దోనెల్లో వచ్చిన పదిహేనుమంది పిల్లలం నీటి అంచున నిలబడి చూస్తున్నాం. ఎవరూ చెప్పకుండానే అందరి చేతులూ వెనక్కి ఉన్నాయి. దేవుడు ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ముందు ఆ నడకే గుర్తొస్తుంది.

నాలుగోది రాలేదు. అది చాప ఒరిగిన వైపు, నా తాడు కింద ఇరుక్కుని నీళ్లలో ఉంది. పిట్ట రెండుసార్లు వచ్చి ముక్కుతో తాడుని తట్టి చూసి వెళ్లిపోయింది.

"మాస్టారండీ, కాపాడదామనే కట్టానండీ," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"తెలుసమ్మా. వెళ్లి విప్పు. నీ ముడి నువ్వే విప్పాలి," అన్నారాయన మెల్లిగా.

నానిన ముడి ఒక పట్టాన రాలేదు. గోళ్లు విరిగాయి, పళ్లతో లాగాను. విడిపోగానే ఆ నాచుచాప దానంతట అది నిదానంగా పైకి లేచి, నీళ్లకి సమంగా తేలింది. నేను ముట్టుకోకపోయి ఉంటే గురువారం నుంచీ అలాగే తేలుతూ ఉండేది. దాని మీద చల్లబడిన ఒక్క గుడ్డు.

ఆ తర్వాత కొన్నేళ్లకి తుమ్మదిబ్బని చేపల చెరువు గట్టుకి మట్టి కావాలని తవ్వేశారు. ఇంకొన్నేళ్లకి ఆ గట్లనీ కొట్టేశారు. పోయినేడు ఆకివీడు మీదుగా వెళ్లి, దిబ్బ ఎక్కడుండేదని అక్కడి వాళ్లని అడిగితే, అలాంటిదొకటి ఉండేదనే ఎవరూ ఎరగరు. నీళ్ల మీద గుర్రపుడెక్క తప్ప ఏమీ కనబడలేదు. మాస్టారూ లేరు, మా నాన్నా లేడు. తాటిదోనె చూసినవాళ్లే తక్కువ. నేనూ టీచరునే అయ్యాను. నలభైమంది పిల్లలకి గోడ మీద చార్టులో కొంగని చూపిస్తాను.

"అమ్మా, ఆ వాసనేంటో గానీ పూలు వాడిపోతున్నాయి చూడు," అంది మా అమ్మాయి. నిజమే. ముసలమ్మ బిగించిన తుంగపోచ కాడల్లోకి దిగిపోయింది. కత్తెర తెచ్చిస్తానంది, వద్దన్నాను. తడి ముడిని గోటితో నిదానంగా విప్పి, పూలని పళ్లెంలో నీళ్ల మీద వదిలాను. అవి ఒకదాన్నొకటి తోసుకుని, ఎడంగా జరిగి, వాటంతట అవే తేలాయి. ఒకటి మాత్రం పక్కకి ఒరిగింది. సరిచేద్దామని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వెనక పట్టుకుని నిలబడ్డాను.