నల్ల బండల బాత్రూము

నాకు పెళ్లికి ముందు నుంచీ పార్శ్వపు నొప్పి ఉంది. వచ్చిన రోజు తల ఒక పక్కంతా పగిలిపోతున్నట్టుంటుంది. వెలుతురు చూడలేను, ఎవరి మాటా వినలేను. ప్రొద్దుటూరు ఎండలో, తెల్ల రంగు కొట్టిన ఇంట్లో, ఆ రెండింటినీ తప్పించుకోవడం నా వల్ల కాలేదు. ఏ గది తలుపు వేసుకున్నా ఎవరో ఒకరు తోసుకుని వస్తారు. మా ఇంట్లో అడగకుండా తియ్యని తలుపు బాత్రూముది ఒక్కటే.

అందుకని, గోడ లోపల పైపు లీకై పాత టైల్సన్నీ పగలగొట్టాల్సి వచ్చినప్పుడు, ఈసారి నాకు నచ్చినట్టు కట్టించుకుంటానన్నాను. నేను బడిపంతులమ్మను. రోజూ జమ్మలమడుగు బస్సులో పోయి వస్తాను. ఆ బస్సులోనే ఫోన్లో బొమ్మలు చూసి పెట్టుకున్నాను. నల్లటి గోడలు, మొరటు చెక్క అలమర, ఇత్తడి కొళాయి, మూలన చిన్న పసుపు దీపం. వాటి కింద ఫామ్‌హౌస్ స్టైల్ అని రాసి ఉంది.

మా ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "ఇది మా చేనికాడ మోటరు రూము గదా!" అన్నాడు. వాళ్లది పులివెందుల పక్క పల్లె. చీనీ కాయల తోట ఉంది. "ఆడ మోటరు రూములో స్నానం చెయ్యలేకనే గదా ఈడికొచ్చి ఇల్లు కట్టుకున్నేది? మల్లా దాన్నే ఇంట్లోకి తెస్తాండావా?"

మా అత్తకేమో భయం. "నల్లగా చేస్తే తేలు యాడుందో కనపడతాదా? ఆ నల్ల బండలు సమాధులకేస్తారు తల్లీ. దాంట్లో కూర్చోని స్నానం చేయమంటావా నన్ను?"

ఇద్దరం టైల్స్ అంగడికి పోతే అక్కడా ఇదే పాట. అంగడాయన నా ముందు తెల్లవీ, లేత గులాబీ రంగువీ, డాల్ఫిన్ చేపలున్నవీ పరిచాడు. నల్లవి కావాలంటే, నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగి, "ఏం సార్, మేడం బాత్రూముకే అడుగుతాండారా?" అన్నాడు. మా ఆయన నాకేం తెలీదన్నట్టు చేతులు తిప్పాడు. ఆ చేతులు తిప్పడం చూసి నాకు ఒళ్లు మండింది. అంగట్లోంచి లేచి వచ్చేశాను. మర్నాడు బడి అయ్యాక జమ్మలమడుగు దారిలో ఉన్న బండల పాలిష్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగి, కడప నల్ల బండలు నేనే ఎంచి, ఆటోలో వేయించుకుని వచ్చాను.

మేస్త్రీ పని మొదలుపెట్టాడు. మంచివాడే, కానీ నా మీద జాలి ఎక్కువ. మూడు గోడలు నేను చెప్పినట్టే అయ్యాయి. నాలుగో గోడ రోజు నేను బడికి పోయి సాయంత్రం వచ్చేసరికి, నల్ల బండల మధ్యలో, సరిగ్గా నా కళ్ల ఎత్తున, ఎర్ర గులాబీల టైల్స్ వరస ఒకటి మెరుస్తూ ఉంది.

"ఏందిది?" అన్నాను.

"నా దగ్గర మిగిలినవి ఉన్న్యాయి మేడం. ఉత్తగనే ఏసినా. శానా బోసిగా కనపడతాంటే మనసొప్పలేదు."

"ఎవరు వెయ్యమన్నారు?"

ఆయన మా అత్త వైపు చూశాడు. మా అత్త వంటింట్లోకి పోయింది.

గులాబీలు తీయించాను. తీస్తుంటే పక్కనున్న నల్ల బండ ఒకటి విరిగింది. మళ్లీ ఫ్యాక్టరీకి, మళ్లీ ఆటో. ఆ వారమంతా ఇంట్లో అందరూ పెరట్లో తడిక కట్టుకుని స్నానం చేశారు. చేసిన ప్రతిసారీ నాకు వినపడేలా నిట్టూర్చారు.

చివరికి పూర్తయింది. చెక్క అలమర, ఇత్తడి కొళాయి, మూలన పసుపు దీపం. మొదటి రోజు తలుపు తీసి నిలబడి చూస్తే కడుపు నిండినట్టయింది. ఎదురింటామె చూడడానికి వచ్చి, గడప దగ్గరే ఆగి, "కరెంటు పోయిందా?" అని అడిగింది.

ఆ సంబరం కూడా వారం ఉండలేదు. మాది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. తెల్ల టైల్స్ మీద ఆ సంగతి ఎన్నడూ తెలియలేదు. నల్ల బండల మీద ప్రతి చుక్కా ఆరి తెల్ల మచ్చయింది. గోడంతా ఎవరో సున్నం చిలకరించినట్టు తయారైంది. నిమ్మకాయ తొక్కలతో రుద్దాను. అవి రుద్దితే మచ్చలతో పాటు బండ నునుపూ పోయింది. ఇప్పుడు స్నానం చేసినవాళ్లు గోడలు గుడ్డతో తుడిచి రావాలని నియమం పెట్టాను. నేను తప్ప ఎవరూ పాటించరు.

ఇది చాలదన్నట్టు, ఒకరోజు బడి నుంచి వచ్చి లోపలికి పోతే కళ్లు జిగేల్‌మన్నాయి. నా పసుపు దీపం పైన బారెడు ట్యూబ్‌లైటు.

"గడ్డం గీసుకోవాల గదా!" అన్నాడు మా ఆయన. "నిన్న చెవి కోసుకుంటి. చీకట్లో మనిషి ముఖమా, గోడా, తెలీడంలే."

చెవి నిజంగానే తెగింది. చాలాసేపు కొట్లాడుకుని, రెండింటికీ వేరువేరు స్విచ్చులు పెట్టించాం.

తర్వాత ఒక ఆదివారం నొప్పి వచ్చింది. పసుపు దీపం కూడా వెయ్యకుండా లోపలికి పోయి, గడియ పెట్టుకుని, పీట మీద కూర్చుని, నుదురు బండకు ఆనించాను. చల్లగా ఉంది. ఇన్ని తిప్పలూ దీనికోసమే పడ్డానని గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

అంతలో తలుపు మీద దబదబ చప్పుడు. "ఎంతసేపు? నేను అంగడికి పోవాల!" మా ఆయన.

నేను నోరు తెరిచేలోపే మా అత్త గొంతు వచ్చింది. "తల నొస్తాందంట రా ఆ పిల్లకు. అరవాకు!"

"నేనేడ అరుస్తాండా? నువ్వే అరుస్తాండావు."

"నేనా? పెరట్లో తడిక ఉందిలే, ఆడ పోసుకోపో!"

నాకు నిశ్శబ్దం కావాలని వాళ్లిద్దరూ తలుపు అవతల గొంతులు చించుకుంటున్నారు. లేచి గడియ తీసి, "మీకు దండం పెడతా, ఇద్దరూ అవతలికి పోండి" అన్నాను. నా ముఖం చూసి మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి పోయాడు.

మా అత్త మాత్రం కదల్లేదు. కుర్చీ ఈడ్చుకొచ్చి, నేను మళ్లీ వేసుకున్న తలుపుకు అడ్డంగా కూర్చుంది. ఇక అక్కడి నుంచి వీధిలో కూరగాయలు అమ్మేవాడికీ, గ్యాసు తెచ్చినాయనకీ, గోడ అవతలి పక్కింటామెకీ, అందరికీ ఒకటే కేక. "మా కోడలికి తలనొప్పి! ఎవురూ గట్టిగా మాట్లాడాకండి!"

చెవులు రెండూ మూసుకుని చీకట్లో కూర్చున్నాను.