మద్రాసులో మా ఊరి రాయి

మా ఇంటికి చుట్టం ఎవరొచ్చినా ధనంబోడు చూడకుండా వెళ్ళడానికి వీల్లేదు. ఇది నాన్న పెట్టిన చట్టం. పొద్దున టిఫిను కాగానే ఆ చుట్టాన్ని వెంటబెట్టుకుని జగ్గయ్యపేట చివరనున్న ఆ దిబ్బ దగ్గరికి బయల్దేరేవాడు. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధస్తూపం అది. చెక్కిన రాళ్ళు ఎప్పుడో తరలిపోయాయి. ఇటుకలతో కట్టిన గుండ్రటి తిన్నె, దాని చుట్టూ కొన్ని తెల్లటి సున్నపురాతి పలకలు మిగిలాయి. పూజ లేదు, పూజారి లేడు. అయినా గేటు దగ్గరే చెప్పులు విడవాలనేవాడు నాన్న. నందిగామ హైస్కూల్లో సోషలు చెప్పేవాడు కదా, పిల్లలు వినకపోతే చుట్టాలకైనా చెప్పుకోవాలి.

ఇంట్లో మేం అందరం ఆయన్ని ఆటపట్టించేవాళ్ళం. బయటివాళ్ళు ఒక్క మాటంటే మాత్రం నాకు ఒళ్ళు మండేది. ఊరి మీద అభిమానం నాకు ఆయన దగ్గర నుంచే వచ్చింది. కోపం మాత్రం అమ్మ వైపుది.

తొంభైల నడిమధ్యలో అక్కకి హైదరాబాదు సంబంధం కుదిరింది. పెళ్ళయ్యాక వియ్యాలవారు మమ్మల్ని పిలిచి ఊరంతా తిప్పారు. ముందుండి నడిపించింది అక్క అత్తగారు. బావగారి నాన్న లేరు, ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. గోల్కొండలో కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొట్టి, పైనున్న మాకు వినిపించిందో లేదో మనిషిని పంపించి మరీ కనుక్కుంది. చార్మినార్ దగ్గర గాజులు కొనిపెట్టింది. సాయంత్రం హుస్సేన్‌సాగర్ గట్టు మీద నిలబెట్టి, నీళ్ళ మధ్యనున్న విగ్రహాన్ని చూపించింది.

"ఇంత పెద్ద బుద్ధుణ్ణి ఎక్కడైనా చూశారా అన్నయ్యగారూ? ఈమధ్యనే నిలబెట్టారు," అంది, తనే దగ్గరుండి నిలబెట్టించినట్టు.

నాన్న ఊరుకోవచ్చు కదా. "చాలా బాగుందండీ. మా ఊరికి మాత్రం రెండువేల ఏళ్ళ కిందటే వచ్చేశాడు చెల్లెమ్మగారూ. ఓసారి వచ్చి చూడండి," అన్నాడు.

అమ్మ కొంగు సర్దుకుంటూ నాన్న మోచెయ్యి గిల్లింది. వియ్యపురాలు నవ్వి, "వస్తాను, తప్పకుండా వస్తాను," అంది.

అన్నమాట ప్రకారం ఎండాకాలంలో అక్కని వెంటబెట్టుకుని వచ్చింది. హైవే మీది చిల్లకల్లులో బస్సు దిగిన ఆవిడకి నాన్న గొడుగు పట్టుకుని ఎదురెళ్ళాడు. మర్నాడు ముందు వేదాద్రి తీసుకెళ్ళాం. ఆవిడ కృష్ణలో స్నానం చేసి, నరసింహస్వామి దర్శనం చేసుకుని, రేవు మెట్ల మీద కూర్చుని పులిహోర తింది. "నది చాలా బాగుంది వదినగారూ," అని అమ్మతో రెండుసార్లు అంది. నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ సంబరంలో ఆయనకి టైము గుర్తులేదు. ధనంబోడు చేరేసరికి నడినెత్తిన ఎండ.

గేటు దగ్గర నాన్న అలవాటుగా, "చెప్పులు ఇక్కడ విడవండి చెల్లెమ్మగారూ," అన్నాడు. ఆవిడ భక్తిగా విడిచి, వేదాద్రిలో మిగిలిన కొబ్బరికాయ చేత్తో పట్టుకుని లోపలికి నడిచింది. ఆ పలకల మీద కాలు పెట్టగానే తెలిసింది. మే నెల ఎండకి కాలిన రాయి. ఆవిడ కొబ్బరికాయ వదిలేసి, చీర పైకెత్తి, ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి గెంతింది. నేను నవ్వాపుకోలేక వెనక్కి తిరిగా. అక్క గేటు దగ్గరికి పరుగెత్తుకెళ్ళి ఆవిడ చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది.

ఆవిడ కుదుటపడ్డాక, "బుద్ధుడేడి అన్నయ్యగారూ?" అంది.

"విగ్రహం ఉండదండీ. ఆ కాలంలో బుద్ధుడి రూపం చెక్కేవాళ్ళు కాదు. పాదాలో, చక్రమో చెక్కేవాళ్ళు."

"మరి ఆ పాదాలేవి?"

"చెక్కిన రాళ్ళు మద్రాసు మ్యూజియానికి తీసుకెళ్ళారండీ. అందులో ఒక చక్రవర్తి రాయి ఉంది, ఆయన చెయ్యెత్తితే ఆకాశంలోంచి నాణేలు కురుస్తుంటాయి..."

ఆవిడ వినడం లేదు. దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ వస్తుంటే అటు చూపించి, "అదుగో, మీ ఊళ్ళో చూడాల్సింది అదీ. కనీసం అది కనిపిస్తోంది," అంది. తర్వాత అక్క వైపు తిరిగి, "ఏమ్మా సిమెంటు పిల్లా, పోదామా?" అని నవ్వింది.

వియ్యాలవారి మధ్య వేళాకోళాలు మామూలే. కానీ ఆ పేరు అక్కకి అంటుకుపోయింది. హైదరాబాదులో ఆడపడుచులదీ అదే పిలుపు. ఎవరైనా ఇంటికొస్తే, "మా సిమెంటు పిల్ల వాళ్ళ నాన్న నన్ను బుద్ధుణ్ణి చూద్దురు గాని రమ్మని పెనం మీద గెంతించాడు," అని ఆవిడ కథ మొదలుపెట్టేది. కథ బాగా చెప్పేది కూడా, అదే నాకు మంట. అక్క కాఫీ కప్పులు అందిస్తూ నవ్వేది. మా ఊరి సంగతి ఆ ఇంట్లో మాట్లాడటం మానేసింది. పుట్టినూరి పేరు చెప్పడానికి మా అక్క వెనకాడాల్సి రావడం నాకు ఎంత బాధగా ఉండేదో చెప్పలేను. నాన్న ఇంకా నలిగిపోయాడు. తన గొప్పలవల్లే కూతురు నవ్వులపాలైందని ఆయన బాధ. ఆ తర్వాత ఏ చుట్టం వచ్చినా ధనంబోడు ఊసెత్తలేదు. టిఫిను కాగానే పేపరు ముందేసుకుని కూర్చునేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక నాకు మద్రాసులో ఉద్యోగం వచ్చింది. అక్కడ నేను మొదట చూసింది సముద్రం కాదు, మ్యూజియం. మా ఊరి పేరున్న పలక ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. చక్రవర్తి కుడిచెయ్యి పైకెత్తి ఉన్నాడు. మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు కురుస్తున్నాయి. పక్కన రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం. నాన్న చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.  అక్క అత్తగారు ఎప్పటికైనా మద్రాసు రాకపోతుందా అని అప్పుడే అనుకున్నా.

వచ్చింది. కంటి ఆపరేషన్ కోసం అక్కే వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది, కొన్నాళ్ళకి కొత్త అద్దాలు ఇచ్చారు. "ఇంత దూరం వచ్చాం, ఏదన్నా చూపించమ్మా చిన్నమ్మాయ్," అంది ఆవిడ. నేను గుడి పేరు చెప్పలేదు, బీచి పేరు చెప్పలేదు. ఆటో తిన్నగా మ్యూజియానికి పోనిచ్చా. విషయం అక్కకి కూడా చెప్పలేదు.

ఆవిడ ఒక్కో రాయీ చూసుకుంటూ వస్తోంది. కొత్త చూపు కదా, ప్రతిదానికీ ముఖం దగ్గర పెట్టి చూస్తోంది. మా పలక దగ్గర ఆగిపోయింది. "అబ్బ, ఎంత సన్నటి పని. ఆ చెవిపోగులు చూడు. పైనుంచి ఏదో పడుతోంది, పూలా అమ్మాయ్?" అని అక్కని అడిగింది.

అక్క కింద రాసి ఉన్న ఊరి పేరు చూసింది. ముఖం ఎర్రబడింది. నేను నోరు తెరవబోయి ఆగా. ఇది అక్క చెప్పాల్సిన మాట.

"నాణేలు అత్తయ్యగారూ," అంది అక్క. "ఇది మా ఊరి రాయి. అప్పుడు మా నాన్న చెప్పబోతే మీరు వినలేదు. మీరు ఎగతాళి చేసే సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళేదీ మా సున్నపురాయే. మీ ఇంటి గోడల్లో కూడా అది ఉండే ఉంటుంది."

గొంతు పెంచలేదు. కానీ ఆ ఇంటికి కోడలుగా వెళ్ళాక అక్క ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి. 

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. పై నుంచి కింద దాకా, చివర రాసి ఉన్న ఊరి పేరు దాకా చూసింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు విడిచి పక్కకి నెట్టి, వట్టి కాళ్ళతో పలక ముందుకొచ్చి నిలబడింది.

కాపలా మనిషి వచ్చి అరవంలో ఏదో అన్నాడు, చెప్పుల వైపు చూపిస్తూ. ఆవిడకి అరవం ఒక్క ముక్క రాదు. "మా కోడలి ఊరిది బాబూ. దీన్ని చెప్పులు విడిచే చూడాలి," అంది తెలుగులోనే. అతను అక్కని, నన్ను చూసి, చెయ్యూపి వెళ్ళిపోయాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, నేను మాత్రం ఏడ్చా.

బయటికి రాగానే ఆవిడ, "మీ నాన్నగారికి ఫోన్ కలుపు," అంది. కలిపి ఇచ్చా.

"అన్నయ్యగారూ, మీ చక్రవర్తిని చూశానండీ."

నాన్న ఇన్నేళ్ళూ ఆవిడకి చెప్పాలనుకున్న జవాబులు ఎన్ని దాచిపెట్టుకున్నాడో నాకు తెలుసు.   వాటిలో ఏది అంటాడోనని నేనూ ఫోనుకి చెవి ఆనించా.

"కాళ్ళు కాలలేదు కదా చెల్లెమ్మగారూ?" అన్నాడు.

"లేదన్నయ్యగారూ," అంది ఆవిడ. "చల్లగా ఉంది."